న్యుమోనియాతో వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి స్ట్రోక్ ఎందుకు వస్తుంది?

న్యుమోనియా బాగా ముదిరిన ఒక మనిషిని ఐసీయూలో వెంటిలేటర్ మీద పెట్టారు. నాలుగు రోజులు గడిచాయి. జ్వరం దిగింది, ఆక్సిజన్ అవసరం కొద్దికొద్దిగా తగ్గుతోంది. ఇంట్లోవాళ్ల మనసు కాస్త కుదుటపడింది. ఐదో రోజు తెల్లవారుజామున ఉన్నట్టుండి గుండె వేగం తగ్గింది, బీపీ పడిపోయింది. కొద్ది నిమిషాల్లో బీపీ మళ్లీ కుదురుకుంది. కానీ మత్తుమందు ఆపి చూస్తే కుడి చెయ్యీ కుడి కాలూ కదలడం లేదు.

ఇది ఏ ఒక్కరి కథా కాదు, సమస్య ఎలా ఎదురవుతుందో చెప్పడానికి అల్లిన ఉదాహరణ. ఇలాంటప్పుడు బంధువులు అడిగే ప్రశ్న మాత్రం చాలా న్యాయమైనది. "మేం తీసుకొచ్చింది ఊపిరితిత్తుల జబ్బుకి కదా, పక్షవాతం ఎక్కడి నుంచి వచ్చింది?"

మామూలుగా దొరికే జవాబులు కొన్ని ఉన్నాయి. రక్తం గడ్డకట్టడం, గుండె లయ తప్పడం, బీపీ చాలాసేపు తక్కువగా ఉండిపోవడం. ఎక్కువ సందర్భాల్లో ఇవే నిజమైన కారణాలు కూడా. అరుదుగా మాత్రం కారణం వేరే ఉంటుంది. వెంటిలేటర్ ఊపిరితిత్తుల్లోకి పంపిన గాలే చిన్న చిన్న బుడగలుగా రక్తంలోకి దూరి, గుండె మీదుగా మెదడుకి చేరుతుంది. దీన్నే ఎయిర్ ఎంబోలిజం అంటారు. అరుదైనదే అయినా దీని గురించి తెలుసుకోవాలి. ఎందుకంటే వెతికితేనే ఇది దొరుకుతుంది, అది కూడా కొద్ది గంటల లోపు వెతికితేనే.

రెండు దారులు, రెండు రకాల ప్రమాదం

సెలైన్ ట్యూబులో చిన్న బుడగ కదులుతూ కనిపిస్తే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. నిజానికి అంత చిన్న బుడగ దాదాపు ఎప్పుడూ హాని చేయదు. చేతి సిరలోకి వెళ్లిన గాలి గుండె కుడి వైపుకి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకి వెళ్తుంది. ఊపిరితిత్తుల్లోని అతి సన్నని రక్తనాళాల వల ఒక జల్లెడలాంటిది. చిన్న బుడగలు అందులో చిక్కుకుని, మెల్లగా కరిగి, ఊపిరితోపాటు బయటికి పోతాయి. ఈ దారిలో పెద్దవాళ్ల ప్రాణం పోవాలంటే సుమారు 200 నుంచి 300 మిల్లీలీటర్ల గాలి, అదీ వేగంగా, లోపలికి వెళ్లాలని అంచనా. మెడ దగ్గర పెద్ద సిరలో పెట్టే సెంట్రల్ లైన్ విషయంలో ఇది జరగొచ్చు. 14 గేజ్ అనే లావుపాటి సూది గుండా కేవలం 5 సెంటీమీటర్ల నీటి పీడనం తేడాతోనే సెకనుకి దాదాపు 100 మిల్లీలీటర్ల గాలి దూరగలదు. ఆ లైన్ పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ నర్సులు, డాక్టర్లు అన్ని జాగ్రత్తలు పాటించేది ఇందుకే.

మనం మాట్లాడుకుంటున్న సమస్య ఈ జల్లెడ దాటాక పుడుతుంది. ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం ఊపిరితిత్తుల సిరల ద్వారా గుండె ఎడమ గదుల్లోకి, అక్కడి నుంచి నేరుగా మహాధమనిలోకి వెళ్తుంది. ఈ సిరల్లోకి గాలి చొరబడితే దాన్ని ఆపేది ఇంకేమీ లేదు. తర్వాతి మజిలీ గుండె కండరమో, మెదడో, మూత్రపిండమో. అందుకే ఇక్కడ లెక్క పూర్తిగా మారిపోతుంది. గుండె కండరానికి రక్తం తెచ్చే కరోనరీ నాళంలోకి అర మిల్లీలీటరు నుంచి ఒక మిల్లీలీటరు గాలి వెళ్లినా గుండె లయ ప్రాణాంతకంగా తప్పవచ్చు. మెదడుకైతే రెండు మిల్లీలీటర్లు చాలు.

ఇంకో దొడ్డిదారి కూడా ఉంది. గుండె కుడి, ఎడమ కర్ణికల మధ్య గోడలో, పుట్టకముందు అందరికీ ఉండే ఒక చిన్న ద్వారం సుమారు నలుగురిలో ఒకరికి పెద్దయ్యాక కూడా పూర్తిగా అతుక్కోదు. మామూలు జీవితంలో దానివల్ల ఇబ్బంది ఏమీ ఉండదు. కానీ ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నప్పుడు గుండె కుడి వైపు పీడనం పెరిగి ఆ తలుపు తెరుచుకోవచ్చు. అప్పుడు చేతి సిరలోని బుడగ కూడా జల్లెడ దగ్గరికి పోకుండానే ఎడమ వైపుకి దాటేస్తుంది.

లాగడానికీ తోయడానికీ తేడా

మనం ఊపిరి పీల్చేటప్పుడు ఛాతీ విప్పారుతుంది, లోపల పీడనం బయటి గాలి కంటే కొద్దిగా తగ్గుతుంది, గాలి దానంతట అదే లోపలికి వస్తుంది. అంటే శరీరం గాలిని లాగుతుంది. వెంటిలేటర్ దీనికి సరిగ్గా ఎదురు. అది గాలిని తోస్తుంది.

మొదట్లో యంత్రాలు కూడా లాగేవే. ఐరన్ లంగ్ అనే పెద్ద డబ్బాలో రోగిని మెడ వరకు పెట్టి, చుట్టూ పీడనం తగ్గించి ఛాతీని విప్పారేలా చేసేవారు. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడింది. అన్ని డబ్బాలు లేవు. మత్తుమందు ఇచ్చే డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్ సలహాతో రోగుల గొంతులో ట్యూబ్ పెట్టి, వైద్య విద్యార్థులు వంతులవారీగా రబ్బరు సంచి నొక్కుతూ రాత్రింబవళ్లు గాలి కొట్టారు. సుమారు 1500 మంది విద్యార్థులు ఆ పనిచేశారు. 80 శాతం దాటిన మరణాలు సగానికి తగ్గాయి. ఇవాళ్టి ఐసీయూ, ఇవాళ్టి వెంటిలేటర్ రెండూ ఆ రబ్బరు సంచికి వారసులే. ఆ తోపు ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో లెక్కకు అందదు. ఆ మాట ముందే చెప్పాలనిపించింది, ఎందుకంటే ఈ వ్యాసం చదివి ఎవరూ వెంటిలేటర్ వద్దనే నిర్ణయానికి రాకూడదు.

అయితే ఆ పోలియో రోగుల్లో చాలామందికి దెబ్బతిన్నది ఊపిరి పీల్చే కండరాలు. ఊపిరితిత్తుల్లోనే ఇన్ఫెక్షన్ పట్టి వాటి కండ (కణజాలం) కుళ్లుతున్న మనిషికి గాలి తోయడం అలాంటిది కాదు. చిరిగిన సంచిలోకి గాలి కొట్టినట్టు ఉంటుంది.

గోడ ఎలా తెగుతుంది

ఊపిరితిత్తుల్లో కోట్ల కొద్దీ గాలిగదులు ఉంటాయి. ఒక్కో గది గోడకి అవతల రక్తం ప్రవహిస్తుంది. ఆ గోడ మందం వెంట్రుక మందంలో నూరో వంతు కంటే తక్కువ. అంత పల్చగా ఉండబట్టే ఆక్సిజన్ రక్తంలోకి చేరుతుంది.

అన్ని న్యుమోనియాలూ ఆ గోడని తెంచవు. ఎక్కువ వాటిలో గదులు నీరు, చీముతో నిండుతాయి, మందులు పనిచేశాక ఖాళీ అవుతాయి, గోడ నిలుస్తుంది. స్టెఫైలోకాకస్ ఆరియస్, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ లాంటి కొన్ని బ్యాక్టీరియాలు కండనే చంపేసే రకం న్యుమోనియా తెస్తాయి. చచ్చిన కండ కరిగి గుంతలు, చీముగడ్డలు ఏర్పడతాయి. క్షయ ముదిరినప్పుడూ ఇలాంటి గుంతలే. ఆస్పర్‌జిల్లస్, మ్యూకర్ ఫంగస్‌లు ఇంకో అడుగు ముందుకేసి రక్తనాళాల గోడల్లోకే చొచ్చుకుపోతాయి. అలాంటి గుంత అంచున ఒక చిన్న గాలిగొట్టమూ పక్కనే ఒక సిరా రెండూ తెగి ఒకదానిలోకి ఒకటి తెరుచుకుంటే, గాలికి రక్తంలోకి దారి దొరికినట్టే.

మరైతే ఇలాంటి న్యుమోనియా వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇది ఎందుకు జరగదు? శరీరం ఊరుకోదు కాబట్టి. కండ చచ్చేలోపే చుట్టుపక్కల చిన్న నాళాల్లో రక్తం గడ్డకట్టి వాటి నోళ్లు మూసుకుపోతాయి. వాపు కూడా వాటిని నొక్కేస్తుంది. ఎక్కువమందిని కాపాడేది ఈ గడ్డే. అది ఊడినప్పుడు ప్రమాదం. గట్టి దగ్గు తెరలు వచ్చినప్పుడు, ఊపిరితిత్తుల్ని విప్పడానికి కాసేపు పీడనం బాగా పెంచినప్పుడు, ఇన్ఫెక్షన్ ఇంకా లోతుకి పాకినప్పుడు అలా జరగొచ్చు.

కుళ్లు లేకపోయినా పీడనం ఒక్కటే గోడని చీల్చగలదు. ఊపిరితిత్తులు వాచి బిగుసుకుపోయే ఏఆర్‌డీఎస్ అనే స్థితిలో కొన్ని గదులు మూసుకుపోయి ఉంటాయి, తోసిన గాలంతా మిగిలిన కొన్నింటిలోకే పోయి వాటిని అతిగా సాగదీస్తుంది. పగిలిన గది నుంచి గాలి రక్తనాళాల తొడుగుల వెంట పాకి గుండె చుట్టూ, మెడ దాకా చేరుతుంది. ఛార్లెస్ మాక్లిన్, మ్యాడ్జ్ మాక్లిన్ అనే శాస్త్రవేత్తల జంట 1944లోనే దీన్ని వివరించింది. చర్మం కింద నొక్కితే కరకరలాడే గాలి, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం ఇవన్నీ ఈ కోవలోనివే, ఐసీయూ డాక్టర్లకు బాగా తెలిసినవే. అదే గాలి రక్తనాళంలోకీ వెళ్లగలదన్న ఆలోచన మాత్రం అంత తొందరగా తట్టదు. ఏఆర్‌డీఎస్‌తో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో ఇలా జరిగిన సందర్భాలను 1989లో మారిని, కల్వర్ అనే డాక్టర్లు ఒక వైద్య పత్రికలో వివరించారు.

నీటి లోతుకి డైవ్ చేసేవాళ్లకి ఇది పాత సంగతి. లోతులో సిలిండర్ గాలి నిండుగా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వచ్చేస్తే, ఒక మీటరు పైచిలుకు తేడా చాలు గాలిగది పగలడానికి. పైకి రాగానే మాట తడబడి, స్పృహ తప్పే డైవర్‌కి జరిగేదీ, మన వెంటిలేటర్ రోగికి జరిగేదీ ఒకటే.

పీడనాల లెక్క

రంధ్రం ఉన్నంత మాత్రాన గాలి రక్తంలోకి పోదు. ఏ వైపు పీడనం ఎక్కువైతే అటు నుంచి ఇటు ప్రవాహం. మామూలుగా ఊపిరి పీల్చే మనిషిలో గాలిగదిలో పీడనం సున్నాకి అటూ ఇటూగా ఊగుతుంది, సిరలో పీడనం అంతకంటే ఎక్కువ. కాబట్టి రక్తమే గాలిగొట్టంలోకి వస్తుంది. కఫంలో నెత్తురు పడుతుంది.

వెంటిలేటర్ పెట్టాక చూడండి. ఊపిరితిత్తుల సిరల్లో పీడనం సుమారు 7 నుంచి 16 సెంటీమీటర్ల నీటి పీడనంతో సమానం. జబ్బు బాగా ముదిరిన రోగికి యంత్రం గాలి తోయడం ముగిసే సరికి ప్రతిసారీ గాలిగదుల్లో పీడనం 25 నుంచి 30 దాకా వెళ్తుంది. ఊపిరి వదిలాక కూడా గదులు మూసుకుపోకుండా పీప్ అని ఒక కనీస పీడనం ఉంచుతారు. అది 10 నుంచి 15 ఉండొచ్చు. అంటే పీల్చేటప్పుడే కాదు, కొందరిలో వదిలేటప్పుడు కూడా తూకం గాలి వైపే మొగ్గుతుంది. రక్తం బయటికి వచ్చిన దారిలోనే ఇప్పుడు గాలి లోపలికి వెళ్తుంది. అందుకే నాకు ముఖ్యమనిపించే ఒక గుర్తు ఇది. ట్యూబులో కఫం లాగడానికి సక్షన్ పెట్టినప్పుడు కొత్తగా నెత్తురు కనిపించి, ఆ తర్వాత మెదడులోనో గుండెలోనో ఉన్నట్టుండి మార్పు వస్తే, ఆ రెండూ ఒకే రంధ్రం కథ కావొచ్చు.

ఇక్కడే చికిత్సలో ఒక ఇరకాటం ఉంది. ఏఆర్‌డీఎస్ రోగి ఊపిరితిత్తుల్లో నీరు చేరకూడదని ఒంట్లో నీరు కాస్త తక్కువగానే ఉంచుతారు, మూత్రం ఎక్కువయ్యే మందులు ఇస్తారు. అది మంచి పద్ధతే. కానీ ఒంట్లో నీరు తగ్గితే సిరల్లో పీడనమూ తగ్గుతుంది, గాలికి లోపలికి పోవడం ఇంకా తేలికవుతుంది. రక్తం పోయిన మనిషిలోనూ అంతే. ఇలాంటి రంధ్రం ఉందని అనుమానం ఉన్న రోగిలో ఈ రెండు అవసరాల మధ్య గీత ఎక్కడ గీయాలో మంచం పక్కన నిలబడి పూట పూటకీ తేల్చుకోవాల్సిందే.

బుడగ చేరాక

వెల్లకిలా పడుకున్న మనిషిలో కుడి కరోనరీ నాళం నోరు పై వైపుకి ఉంటుంది. గాలి తేలుతుంది కాబట్టి బుడగలు తరచుగా అందులోకే పోతాయి. గుండె వేగం పడిపోవడం, ఈసీజీలో గుండెపోటు లాంటి మార్పులు రావడం, కొద్ది నిమిషాల్లో అవే సర్దుకోవడం దీనివల్లే. మెదడుకి పోయిన బుడగలు 30 నుంచి 60 మైక్రోమీటర్ల సన్నని ధమనుల్లో ఇరుక్కుంటాయి. దారి మూయడం మొదటి దెబ్బ. బుడగ రాసుకుపోయిన చోట నాళం లోపలి పొర దెబ్బతిని, ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు అక్కడ గుమిగూడి, వాపు రావడం రెండో దెబ్బ. బుడగ కరిగిపోయినా ఈ రెండోది మిగిలిపోతుంది. కాస్త తేరుకున్న రోగి కొన్ని గంటల తర్వాత మళ్లీ దిగజారడానికి ఇది ఒక కారణం.

మెలకువగా ఉన్న మనిషి అయితే చెయ్యి లేవడం లేదని చెబుతాడు, మాట తడబడుతుంది. మత్తులో ఉన్న రోగి ఏం చెబుతాడు? కండరాలు సడలించే మందు కూడా ఇస్తే ఫిట్స్ వచ్చినా ఒళ్లు కదలదు. కంటిపాపల తేడా, కారణం లేకుండా ఈసీజీ మారడం, చర్మం మీద వలలా నీలపు చారలు, నాలుక మీద పాలిపోయిన మచ్చ, ధమనిలో పెట్టిన లైన్ నుంచి తీసిన రక్తంలో బుడగలు ఇలాంటి చిన్న ఆనవాళ్లే మిగులుతాయి. చాలాసార్లు మొదటి గుర్తు ఏమిటంటే, మత్తు ఆపాక లేవాల్సిన మనిషి లేవకపోవడం. అప్పటికి ఎన్ని గంటలు గడిచాయో ఎవరికీ తెలియదు.

వెంటనే సీటీ స్కాన్ తీస్తే మెదడు మడతల్లో నల్లటి సన్నని గీతల్లా గాలి కనిపించవచ్చు. ఆలస్యమైతే అది రక్తంలో కరిగిపోతుంది, మెదడుకి జరిగిన నష్టం మాత్రమే కనిపిస్తుంది. కాబట్టి సీటీలో గాలి లేదంటే ఎయిర్ ఎంబోలిజం కాదని తేల్చేయడం తప్పు. దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది. చేతికి సెలైన్ పెట్టినప్పుడు పోయిన ఒకటి రెండు చుక్కల గాలి తలలోని సిరల్లోకి పాకి స్కాన్‌లో కనిపించవచ్చు, దానివల్ల హాని ఉండదు. గాలి ధమనుల వైపు ఉందా సిరల వైపు ఉందా అన్నది చూడాలి. గుండె గదుల్లో తిరుగుతున్న బుడగల్ని పట్టుకోవడానికి ఆహారనాళం గుండా చేసే ఎకో (గుండె అల్ట్రాసౌండ్) అన్నిటికంటే సున్నితమైన పరీక్ష. గుండె ఎడమ వైపు బుడగలు ప్రతి వెంటిలేటర్ శ్వాసతో వస్తూ, పీడనం తగ్గించగానే ఆగితే ఇక అనుమానం అక్కర్లేదు.

ఏం చేయగలరు

మొట్టమొదట దారి మూయాలి. వెంటిలేటర్ తోసే గాలి పరిమాణం, పీప్ రెండూ రోగి తట్టుకోగలిగినంత తగ్గిస్తారు. ఒకే ఊపిరితిత్తి పాడైతే, ఆ వైపుకి గాలి పోకుండా ప్రత్యేక ట్యూబుతోనో బెలూన్‌తోనో అడ్డుకట్ట వేసి, రెండోదానికి మాత్రమే గాలి ఇస్తారు. రెండూ చెడిపోయిన రోగిలో ఆ వీలుండదు, అప్పుడే ఇది నిజంగా కష్టమైన పని. రోగిని ఎటు తిప్పాలన్నదీ అంత తేలిక కాదు. ఆక్సిజన్ బాగా అందాలంటే బాగున్న ఊపిరితిత్తి కిందికి ఉండాలి. గాలి రక్తంలోకి పోకూడదంటే పాడైనది కిందికి ఉండాలి, కిందున్న సిరల్లో పీడనం ఎక్కువ కాబట్టి. తల కిందికి దించి పడుకోబెట్టాలని పాత పుస్తకాల్లో ఉండేది. ధమనుల్లోకి చేరిన బుడగ విషయంలో దానివల్ల లాభం లేదు. రక్తప్రవాహం బుడగని తోసుకుపోతుంది, పైగా మెదడు వాపు పెరుగుతుంది. వెల్లకిలా, చదునుగా పడుకోబెట్టడమే ఇప్పటి సలహా.

నూరు శాతం ఆక్సిజన్ ఇస్తారు. గాలిలో 78 శాతం నైట్రోజన్, అది తేలిగ్గా కరగదు. రక్తంలో నైట్రోజన్ లేకుండా చేస్తే బుడగలోది బయటికి వస్తుంది, బుడగ కుంచించుకుపోతుంది. అప్పటికే ఎక్కువ ఆక్సిజన్ మీద ఉన్న రోగికి ఇందులో చిన్న ఊరట ఉంది. వాళ్ల బుడగలో ఉండేది వాళ్లు పీలుస్తున్నదే కాబట్టి నైట్రోజన్ పాలు తక్కువ, తొందరగా కరుగుతుంది.

ఆ తర్వాత హైపర్‌బారిక్ గది, అంటే లోపల పీడనం బాగా పెంచే మూసిన గది. 2.8 అట్మాస్ఫియర్ల పీడనంలో, అంటే 18 మీటర్ల నీటి లోతుతో సమానమైన పీడనంలో ఉంచితే బుడగ పరిమాణం మూడో వంతు దగ్గరికి పడిపోతుంది, ఆక్సిజన్ అడ్డంకి దాటి కండకు చేరుతుంది. మొదటి ఆరు గంటల్లోపు మొదలుపెడితే ఫలితం మెరుగు. డైవర్‌కి ఇది సూటి పరిష్కారం. వెంటిలేటర్ మీద ఉండి, బీపీ మందులతో నడుస్తున్న రోగిని అంబులెన్స్‌లో తీసుకెళ్లి ఐదు గంటలు మూసిన గదిలో ఉంచడం వేరే సంగతి. ఛాతీలో ఎక్కడైనా గాలి ఇరుక్కుని ఉంటే, గది పీడనం తగ్గించేటప్పుడు అది వ్యాకోచించి ఊపిరితిత్తిని నలిపేస్తుంది. అందుకే ఆ గాలి బయటికి పోయేలా ముందే ఛాతీలో డ్రెయిన్ గొట్టం పెడతారు. గొంతు ట్యూబు బెలూన్‌లో గాలి తీసేసి నీళ్లు నింపుతారు. ఇంత చేసినా కొందరిని తరలించకపోవడమే సరైన నిర్ణయం అవుతుంది. బంధువులకు అది నిర్లక్ష్యంలా కనిపించవచ్చు. డాక్టర్లు కూర్చోబెట్టి కారణం వివరించాల్సిన చోటు అది.

అన్నిటికంటే బలమైన చికిత్స మొదటి రోజు నుంచీ పీడనాన్ని అదుపులో పెట్టడమే. 2000లో అమెరికాలో 861 మంది ఏఆర్‌డీఎస్ రోగులతో చేసిన అధ్యయనంలో, ఎత్తుని బట్టి లెక్కగట్టిన బరువుకి కిలోకి 12 మిల్లీలీటర్లకు బదులు 6 మిల్లీలీటర్ల గాలి ఒక్కో శ్వాసకి ఇచ్చి, పీడనం 30 సెంటీమీటర్ల నీటి పీడనం దాటకుండా చూస్తే మరణాలు దాదాపు 40 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయి. మూసుకుపోయిన గదుల్ని ఎక్కువ పీడనంతో తెరిస్తే ఇంకా మంచిదని చాలామంది నమ్మారు. 2017లో వెయ్యి మందికి పైగా రోగుల మీద జరిగిన ట్రయల్‌లో దానికి ఎదురు ఫలితం వచ్చింది. అలా తెరిచిన వాళ్లలో 28 రోజుల మరణాలు 55 శాతం, తెరవని వాళ్లలో 49 శాతం. ఈ అధ్యయనాలు ఎయిర్ ఎంబోలిజం కోసం చేసినవి కావు. కానీ గాలిగది గోడ ఎంత తోపు తట్టుకోగలదో మనకి నేర్పినవి ఇవే.

రంధ్రం చాలామందిలో నెమ్మదిగా దానంతట అదే మూసుకుంటుంది. ఇన్ఫెక్షన్ తగ్గేకొద్దీ గుంత అంచున కొత్త కండ పడుతుంది, తెగిన సిర నోట్లో గడ్డ గట్టిపడుతుంది. అంతవరకు తక్కువ పీడనంతో నెట్టుకురావాలి. వీలైనంత త్వరగా రోగి తానే ఊపిరి పీల్చేలా మత్తు తగ్గిస్తూ, యంత్రం సాయాన్ని మెట్టు మెట్టుగా తగ్గిస్తారు. ట్యూబ్ తీసిన రోజున ఛాతీ మళ్లీ గాలిని లాగడం మొదలుపెడుతుంది. గాలిగదిలో పీడనం సిరలో కంటే కిందికి దిగుతుంది. ఆ తర్వాత కొన్నాళ్లు కఫంలో కాస్త నెత్తుటి చార కనిపించవచ్చు. అదీ డాక్టరుకి చూపించాల్సినదే, కానీ ఇప్పుడు ప్రవాహం సిర నుంచి గాలిగొట్టం వైపుకి.